చీకటి హాల్లో పాఠం

పోయిన వారం మౌసు టీచరును మేడమెట్ల మొదట్లో నిలబెట్టి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. ఒక చెయ్యి ఇనుప కమ్మీ మీద, ఇంకో చెయ్యి గుండెల మీద.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఈ బడిలో కింది అంతస్తు చివర ఒక గది ఉంది. పెన్సిలు పట్టుకోలేని పిల్లలు, నల్లబల్ల మీది అక్షరం ఆనని పిల్లలు, చదవబోతే అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు కనిపించే పిల్లలు అక్కడికి వస్తారు. వాళ్ళకి కంప్యూటరు సాయంతో చదువు చెప్పేది ఈమె. అందుకే బడి మొత్తం ఆమెను మౌసు టీచరంటుంది. ఈమధ్యే కళ్ళ డాక్టరు ఆమెకో మాట చెప్పాడు. చూపు అంచుల నుంచి ఎండిపోతోందట, గట్టు వైపు నుంచి చెరువు ఎండిపోయినట్టు. నడిమధ్య మాత్రం, గొట్టంలోంచి చూసినట్టు, కాస్త మిగిలి ఉంది. వెలుతురు తగ్గితే అదీ లేదు. మందు లేదు. ఎంత కాలంలో ఎంత పోతుందో చెప్పలేమన్నాడు.

ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. భర్తకు చెప్పలేదు. భర్తకు అక్క, పెళ్ళి వద్దనుకుని తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయి, ఇదే బడిలో లెక్కలు చెప్పే వదినకు చెప్పలేదు. బడి నడిపే పెద్ద మేడమ్‌కు అసలే చెప్పలేదు. ఈ శనివారం టీచర్లందరికీ గంటసేపు కంప్యూటరు పాఠం చెప్పమని పెద్ద మేడమ్ అడిగితే, నా గదిలో, నా కంప్యూటరు మీదే కదా అని ధైర్యంగా ఒప్పుకుంది. అక్కడ తెర మీద మౌసు బాణం బొటనవేలంత ఉంటుంది. నల్లటి తెర మీద పసుపు అక్షరాలు. ఏ కుర్చీ ఎక్కడుందో కాళ్ళకే తెలుసు. తీరా సమయానికి ఆయా పరుగెత్తుకొచ్చి, "బడి కమిటీ సెక్రటరీ గారు కూడా వస్తున్నారంట మేడమ్, పాఠం మేడ మీద పెద్ద హాల్లోకి మార్చారు, రమ్మంటున్నారు" అంది.

అదీ సంగతి. ఇక మెట్లెక్కక తప్పదు కదా.

ఎక్కింది. ఎక్కడం పెద్ద కష్టం కాలేదు, మెట్ల మీద ఎండ పడుతోంది. హాలు గుమ్మం దాటగానే మాత్రం ఎవరో దీపం ఊదేసినట్టయింది. ప్రొజెక్టరు నుంచి గోడమీద పడే బొమ్మ బాగా కనపడాలని కిటికీలకు తెరలు దించేశారు, లైట్లు ఆర్పేశారు. ఎదురుగా గోడ మీద తెల్లటి చతురస్రం ఒకటి వెలుగుతోంది. అది తప్ప లోకమే లేదు. టీ కప్పుల చప్పుడు, కుర్చీలు జరిపిన కీచుమనే మోత, ఎవరిదో దగ్గు, ఎవరిదో నవ్వు, అన్నీ ఉన్నాయి. వాటి వెనక మనుషులే లేరు.

ఆమె గోడకు వేళ్ళు ఆనించి నడిచింది. గోడ అయిపోయింది. ఆ వెలుతురే గురిగా పెట్టుకుని ముందుకు కదిలింది. కాలికి వైరు తగిలింది. తూలి, చేతికందిన బల్ల అంచు పట్టుకుని ఆగింది.

"నిదానం మేడమ్! కంప్యూటరేమీ పారిపోదు" అన్నాడు సైన్సు మాస్టారు. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఈమధ్య ఆమెకు బాగా అలవాటైన పని అదే. ఏది తగిలినా, ఏది ఒలికినా, ముందుగా తనే నవ్వెయ్యడం.

పెద్ద మేడమ్ లేచి పరిచయం చేసింది. "మన బడిలో ఇలాంటి పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉన్నారు. ఆ ఒక్క గదికి తోసేసి మనం చేతులు దులుపుకుంటే కుదరదు. చిన్న చిన్న కిటుకులే, ఎవరైనా నేర్చుకోవచ్చు. సెక్రటరీ గారు కూడా వినాలని ప్రత్యేకంగా వచ్చారు." చప్పట్లు. ఆ చప్పట్లలో వదినవి కూడా ఉండే ఉంటాయి. ముందు వరసలో ఎక్కడో కూర్చుని ఉంటుంది. ఏ చివరో తెలియదు.

కొత్త కంప్యూటరు. ఆమె కూర్చుని మౌసు మీద చెయ్యి వేసింది. కదిపింది. తెర మీద బాణం ఎక్కడ? పాలలాంటి తెలుపు మీద ఆవగింజంత బాణం. గొట్టంలాంటి చూపుతో ఆమె తెరను ఈ మూల నుంచి ఆ మూలకు వెతికింది. కుడి వైపు లేదు. కింద లేదు. మౌసును గుండ్రంగా తిప్పింది. ఏదో మెరిసినట్టయి మళ్ళీ మాయమైంది.

హాలు నిశ్శబ్దమైంది. మొదట అది మర్యాదతో కూడిన నిశ్శబ్దం. తరవాత్తరవాత కుర్చీలు కదలడం మొదలైంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకొక్క క్షణం ఆగితే ఎవరో ఒకరు లేచి, 'ఏమైంది మేడమ్, కనపడట్లేదా?' అంటారు. మామూలుగానే అంటారు. ఆ మామూలు మాటకి తన దగ్గర జవాబు లేదు.

సరిగ్గా అప్పుడే ఎడమచేతి చూపుడువేలికి ఒక కీ మీద చిన్న గీత తగిలింది. కుడిచేతి వేలికి ఇంకొకటి. చూడకుండా టైపు చేసేవాళ్ళ కోసం ప్రతి కీబోర్డు మీదా రెండు కీలకి ఉబ్బెత్తు గీతలుంటాయి. తన పిల్లలకు మొదటి రోజు నేర్పేది వాటినే. 'దారి తప్పితే ఇక్కడికి రండి, ఇది మీ ఇల్లు' అని చెబుతుంది. ఇప్పుడు ఆ ఇంటికి ఆమె వేళ్ళే చేరుకున్నాయి.

ఆమె మౌసును తోక పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించి పక్కన పెట్టేసింది.

"ఈ గంటసేపూ నేను దీన్ని ముట్టుకోను. మౌసు టీచరు మౌసు లేకుండా పాఠం చెబుతుంది" అంది.

మళ్ళీ నవ్వులు. ఈసారి ఆ నవ్వు ఆమె వైపుంది.

"నా గదిలో ఒక అమ్మాయి ఉంది. చెయ్యి కుదురుగా నిలవదు. తనకి ఈ బాణం పట్టుకోవడమంటే కలుగులోకి దూరిన ఎలకని పట్టుకున్నట్టే. మనం ఏం చేస్తాం? 'సరిగ్గా పట్టుకో, సరిగ్గా పట్టుకో' అని అరుస్తాం. అసలు ఎలకతో పనేంటండీ? కీబోర్డు ఉందిగా." ఆమె వేళ్ళు కీల మీద కదిలాయి. "కంట్రోల్ పట్టుకుని ప్లస్ కొట్టండి. ఇంకోసారి. ఇంకోసారి. చూశారా, అక్షరం ఎలా పెరిగిందో. వెనక బెంచీ పిల్లాడి కళ్ళజోడుకి అయ్యే ఖర్చు కూడా లేదు దీనికి. ఇప్పుడు కిటికీ బొమ్మ ఉన్న బటన్ పట్టుకుని ప్లస్. భూతద్దం వస్తుంది."

భూతద్దం వచ్చింది. గోడ మీది అక్షరాలు గుమ్మమంత పెరిగాయి. ఆమె ఎదుటి తెర మీదా పెరిగాయి. పాఠం చెబుతూనే, ఎవరికీ తెలియకుండా, తనకు కావలసినవన్నీ ఒక్కొక్కటే అమర్చుకుంటోంది. తెల్లటి తెరను నల్లగా మార్చింది. "వెలుగు గుచ్చుకునే పిల్లలకి ఇది హాయి" అంది. తన కళ్ళకీ హాయిగానే ఉంది.

"షిఫ్ట్ బటన్ వరసగా ఐదుసార్లు కొట్టండి. ఏదో అడుగుతుంది, సరేననండి. ఇక ఒక్క చేత్తో టైపు చేసే పిల్లాడు రెండు బటన్లు ఒకేసారి నొక్కి పట్టుకోనక్కర్లేదు. ఒకటి నొక్కి, వదిలి, ఇంకోటి నొక్కితే చాలు. చేతులు వణికే పిల్లలకి ఇంకో చిక్కుంది. వేలు కాస్త ఎక్కువసేపు ఆగిందంటే అదే అక్షరం మళ్ళీ మళ్ళీ పడిపోతుంది. మొన్న ఒకడు 'అమ్మ' అని కొట్టబోతే 'అమ్మమ్మ' అయింది. వాడు ఏడుపు. నేను, 'పోనీలేరా, ఆవిడా మన మనిషేగా' అన్నాను."

హాలు ఘొల్లుమంది.

"దానికీ మందుంది. రెండోసారి పడ్డ నొక్కుడు పట్టించుకోకని కంప్యూటరుకి చెప్పుకోవచ్చు. ఎక్కడో చూపిస్తాను."

చూపించింది. రాసింది చదివి వినిపించే గొంతును పిలిచింది, మాట్లాడితే రాసిపెట్టే మైకును తెరిచింది. పాఠం బండి గాడిన పడింది. అప్పుడు సైన్సు మాస్టారు లేచాడు.

"అంతా బానే ఉంది మేడమ్. కానీ ఇలా అన్నీ అమర్చి పెడితే పిల్లలకి బద్ధకం అలవాటు కాదూ? రేపు బయటికెళ్తే ఎవరు అమర్చి పెడతారు?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. ప్రతి తల్లీ తండ్రీ ఏదో ఒక రోజు అడిగేదే.

"మాస్టారూ, ఒక్కసారి ఇలా వచ్చి మీ కళ్ళజోడు నాకిస్తారా?"

ఆయన వచ్చాడు. ఆమె అరచెయ్యి చాపింది. కళ్ళజోడు చేతిలో పడింది. ఆమె తెరను మామూలు సైజుకి మార్చింది.

"చదవండి."

"...అలుక్కుపోయినట్టుంది."

"బద్ధకమా?"

చప్పట్లు మోగాయి. మాస్టారు కూడా నవ్వాడు. "ఓడిపోయానమ్మా" అన్నాడు. ఆమె అక్షరాలు పెంచుతూ పోయింది, ఆయన చదవగలిగేదాకా. "ఇందులో సిగ్గు లేదు మాస్టారూ. సాయం తీసుకోవడం తప్పని మనం అనుకున్నంత కాలం పిల్లలు తమ కష్టాన్ని దాచుకుంటారు. దాచుకున్న పిల్లలే వెనకపడతారు" అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అప్పుడు ఆమె గమనించలేదు.

"ఇదిగోండి మీ జోడు" అని కుడి పక్కకు చాపింది, ఇందాక ఆయన గొంతు అక్కణ్ణుంచే వచ్చిందని. ఆయన ఈలోగా తెరను దగ్గరగా చూద్దామని ఎడమ పక్కకు వచ్చాడు. ఎవరో అందుకున్నారనుకుని ఆమె వదిలేసింది.

టైల్సు మీద అద్దం పగిలిన చప్పుడు.

"అయ్యో... చెయ్యి జారింది" అందామె. "నేనే సరిగ్గా పట్టుకోలేదు లెండి, పాత జోడేగా" అని మాస్టారు సర్దేశాడు. ఎవరో వంగి ముక్కలు ఏరుతున్నారు. ఆ వంగిన మనిషి లేస్తూ ఆమె చెవి దగ్గర ఆగినట్టనిపించింది. మాటేమీ లేదు. సబ్బు వాసన మాత్రం తెలిసింది. రోజూ ఇంట్లో స్నానాల గదిలోంచి వచ్చే వాసన. వదిన.

పాఠం అయిపోయింది. లైట్లు వేశారు. సెక్రటరీ గారు మెచ్చుకున్నారు. అందరూ దిగిపోతుంటే పెద్ద మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసి అంది, "చాలా బాగా చెప్పారు. ఇంకో సాయం చెయ్యాలి మీరు. ఆయా సెలవు పెడుతోంది. సోమవారం నుంచి సాయంత్రం మీ గది పిల్లల్ని బస్సెక్కించే పని మీరే చూసుకోండి. చలికాలం, తొందరగా చీకటి పడుతోంది. తెలిసిన మనిషి దగ్గరుంటే నాకు దిగులుండదు."

"సరే మేడమ్" అంది మౌసు టీచరు.

ఏమనుకుని అందో ఆమెకే తెలియదు. నోరు తనంతట తనే అనేసింది.

* * *

తన గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడిందో లేదో, వెనకే తలుపు మూసిన చప్పుడైంది.

బడిలో ఉన్నంతసేపూ ఆడపడుచూ మరదలూ ఒకరినొకరు మేడమ్ అనే పిలుచుకుంటారు. చేరిన రోజే వదిన పెట్టిన నియమం అది. ఇవాళ ఆ నియమాన్ని ఆవిడే పక్కన పెట్టేసింది.

"అమ్మాయ్, నీకు కళ్ళు కనపడట్లేదు కదూ?"

"అదేంటి వదినా! చెయ్యి జారిందంతే..."

"జారలేదు. గాలికిచ్చావు. నేను చూస్తూనే ఉన్నా."

మౌసు టీచరు బల్ల మీది కీబోర్డును సర్దింది. అది సర్దే ఉంది. "హాలంతా చీకటి కదా. ఎవరికైనా..."

"అందరికీ ఒకటే చీకటి. మాస్టారు నీ చెయ్యి చూశాడు. నేను చూశా. నీకే ఆయన కనపడలేదు." వదిన ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. పిల్లల కుర్చీ అది, మోకాళ్ళు పైకొచ్చాయి. మామూలు రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. "రెండు నెలల కింద వంటింట్లో నీ పక్కనే నిలబడి ఉన్నా. నువ్వు తమ్ముణ్ణి పిలిచి 'వదిన ఎక్కడికెళ్ళారు?' అనడిగావు. నేనో గడ్డిపరకలా కనపడ్డానా అని ఒళ్ళు మండిపోయింది. నన్ను ఎత్తిపొడవడానికే అన్నావనుకున్నా. వారం రోజులు నీతో మాట్లాడలేదు, గుర్తుందా?"

గుర్తుంది. ఎందుకు అలిగిందో తెలియక ఆ వారమంతా ఇంట్లో పిల్లిలా తిరిగింది తను.

"ఆ తరవాత చూడ్డం మొదలుపెట్టా. గ్లాసిస్తే గాల్లో వెతుక్కుంటావు. దారిలో బకెట్టుంటే తన్నుకుంటావు. సాయంత్రమైతే ఏదో ఒక వంక పెట్టి బయటికి రావు. అన్నీ పోగేసుకుంటూ వచ్చా. లెక్కలు చెప్పేదాన్ని, కూడిక రాదా నాకు?" వదిన గొంతు తగ్గింది. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ, నన్నెవరూ చూడట్లేదనుకుంటుందట. అలా ఉంది నీ వరస. డాక్టరుకి చూపించావా, లేదా?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మౌసు టీచరు చెప్పేసింది. గొట్టంలాంటి చూపు గురించి, మందు లేకపోవడం గురించి, రోజూ పొద్దున లేవగానే కిటికీ చట్రాన్ని చూసి ఇవాళ ఎంత మిగిలిందో కొలుచుకోవడం గురించి. చెబుతుంటే మాటలు ముద్దలు ముద్దలుగా వచ్చాయి. వదిన మధ్యలో అడ్డం రాలేదు. అంతా విన్నాక లేచి, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని ఆ చేతిలోనే పెట్టింది.

నీళ్ళు తాగేదాకా ఆగి, అప్పుడడిగింది. "మరి ఆ బస్సు పనికి సరేనని ఎలా అన్నావు?"

మౌసు టీచరు ఖాళీ గ్లాసును బల్ల మీద పెట్టింది.

"ఆ వేళకి రోడ్డు మీద మసక. బండ్లు ఆగకుండా వస్తుంటాయి. చక్రాల కుర్చీ పిల్ల ఒకతి, చెయ్యి విడిపించుకుని పరుగెత్తేవాడు ఒకడు. నీకు నీ కాళ్ళే కనపడవు. వాళ్ళకేదన్నా అయితే?"

"కాదంటే ఎందుకని అడుగుతారు వదినా. చెబితే తీసేస్తారు. చూపు లేని టీచరు మాకెందుకంటారు."

"పైన గంటసేపు ఏం చెప్పావు నువ్వు? దాచుకున్న పిల్లలే వెనకపడతారని కదూ? సాయం తీసుకోవడంలో సిగ్గు లేదని కదూ?"

"పిల్లలు దాచుకుంటే మనం వెతికి పట్టుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం. పెద్దవాళ్ళు బయటపడితే గుమ్మం చూపిస్తాం. ఎప్పుడైనా చూశారా మీరు, పెద్దవాళ్ళకి భూతద్దం పెట్టి ఉద్యోగం చేసుకోమన్నవాళ్ళని? ఈ గది తప్ప నాకు ఇంకేం వచ్చు వదినా?"

వదిన కిటికీలోంచి ఆట స్థలం కేసి చూసింది. శనివారం ఒంటిపూట బడి, గంట కొట్టే వేళవుతోంది.

"గుమ్మం చూపిస్తే నేనూ నీతో పాటు ఆ గుమ్మంలోంచే బయటికొస్తా. సరేనా? ముప్పయ్యేళ్ళుగా ఇక్కడ అరిగిపోయినదాన్ని, నా మాటకి ఆ మాత్రం విలువ ఉండకపోదు. కానీ బస్సు సంగతి మాత్రం ఇవాళే, ఇప్పుడే వెళ్ళి చెప్పాలి. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మౌసు టీచరు కళ్ళు తుడుచుకుంది. చక్రాల కుర్చీ పిల్ల పొద్దున రాగానే తన చీపురుపుల్లలాంటి వేళ్ళతో కీబోర్డు తట్టి, "నేనొచ్చా టీచర్" అని పలకరించే తీరు కళ్ళ ముందు మెదిలింది.

"నేనే చెప్తాను" అని లేచింది.

పెద్ద మేడమ్ గది నిండా వెలుతురే. అయినా ఆ బల్ల దాకా నడవడం ఇందాక చీకటి హాల్లో నడిచినదానికన్నా కష్టమనిపించింది. ఆమె నిలబడే చెప్పింది, రెండు ముక్కల్లో. "బస్సు పని నేను చెయ్యలేను మేడమ్. మసకలో నాకు కళ్ళు కనపడవు. ఇది ఇంకా పెరుగుతుందట."

పెద్ద మేడమ్ పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది.

"ఇందాక హాల్లో... అదంతా కనపడకుండానే చెప్పారా?"

"మొదట్లో ఏమీ కనపడలేదు. భూతద్దం పెట్టుకున్నాక తెర కనపడింది. మనుషులు కనపడలేదు."

"కూర్చోండి" అంది పెద్ద మేడమ్. కూర్చున్నాక అంది, "చెప్పడం మంచిదైంది. బస్సు సంగతి నేను చూసుకుంటాను. మిగతాది నా ఒక్కదాని చేతుల్లో లేదు. సోమవారం సెక్రటరీ గారితో మాట్లాడాలి. ఆయన ఏమంటారో నేనిప్పుడు మాటివ్వలేను. అప్పటిదాకా మీరు ఇంకెవరితోనూ అనకండి."

అది ఓదార్పూ కాదు, బెదిరింపూ కాదు. అయినా బయటికొచ్చి నడవాలో నిలబడితే, ఎన్నాళ్ళనుంచో నెత్తిన మోస్తున్న బండరాయి సగం దిగినట్టే ఉంది. మిగతా సగం సోమవారం దాకా ఉండనీ. గంట కొట్టారు. పిల్లలు గలగలా బయటికి పరుగెడుతున్నారు. ఆమె గోడవారగా తన గదికి వచ్చింది.

వదిన ఇంకా అదే చిన్న కుర్చీలో కూర్చుని ఉంది.

"చెప్పేశాను వదినా."

"ఊఁ. మంచి పని చేశావు." ఆ గొంతులో మాత్రం తేలిక లేదు. "ఇలా కూర్చో. ఇంకో మాట అడగాలి. ఇందాకే అడుగుదామనుకున్నా, నోరు రాలేదు."

"ఏంటి?"

"ఈ జబ్బు రక్తంలో వస్తుందా?"

మౌసు టీచరు ఆలోచించింది. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగాడు. మా నాన్నకి లేదు, అమ్మకి లేదు, తాతల సంగతి తెలీదన్నాను. ఎందుకు?"

"పైవాళ్ళ సంగతి కాదమ్మాయ్ నేనడిగేది."

మౌసు టీచరుకు ఒక్కతే కూతురు. ఇదే బడిలో మూడో తరగతి. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని ఇంట్లో అందరూ బంతి అంటారు.

"ఏం మాట్లాడుతున్నారు వదినా మీరు?"

"మొన్న కరెంటు పోయినప్పుడు నువ్వు స్నానాల గదిలో ఉన్నావు. పిల్ల నా పక్కనే కూర్చుని ఉంది. తమ్ముడు కొవ్వొత్తి తెచ్చేలోపు లేచి గోడ పట్టుకుంది. కిటికీలోంచి పడే కాస్త వెలుగులో చూశా, రెండు చేతులతో. వేళ్ళు గోడకి ఆనించి, నెమ్మదిగా. చిన్నపిల్ల, చీకటికి భయపడిందేమోననుకున్నా." వదిన ఆగింది. "ఇవాళ హాల్లోకి నువ్వు వస్తుంటే చూశాను. అచ్చం అలాగే వచ్చావు."

"భయపడి ఉంటుంది" అంది మౌసు టీచరు వెంటనే. "దానికి చీకటంటే భయం. అంతే. పిల్లలందరికీ ఉండేదే."

"అంతే అయితే అంతకన్నా నాక్కావలసిందేముంది?"

నడవా అవతలి నుంచి బంతి గొంతు వినిపించింది. ఎవరితోనో పోట్లాడుతూ, నవ్వుతూ వస్తోంది. వదిన లేచింది. కిటికీ తెర లాగేసింది. లైటు ఆర్పేసింది. తలుపును సగానికి తెరిచి ఉంచింది.

"ఏంటిది వదినా! వద్దు."

"కంప్యూటరు పాఠం కోసం మూశామనుకుంటుంది. దానికి అనుమానం రాదు. నువ్వు పిలవకు, కదలకు. నీకు చీకట్లో కనపడదు, నేను చూస్తా. ఒక్క నిమిషం ఓర్చుకో."

గదిలో మౌసు టీచరుకు ఏమీ కనపడటం లేదు. వెలుగుతున్న గుమ్మం ఒక్కటే కనిపిస్తోంది, నిటారుగా నిలబెట్టిన తెల్లకాగితంలా. ఆ కాగితం మీదికి చిన్న నీడ వచ్చి నిలబడింది. వీపున సంచీ, ఒకవైపు ఊడిపోయిన జడ.

"అమ్మా!"

ఆమె పెదవులు కొరుక్కుంది. బయట ఎండలోంచి వచ్చింది కదా, ఎవరికైనా కాసేపు అంతే ఉంటుంది. కళ్ళు అలవాటు పడాలి. పడతాయి. ఇప్పుడు పడతాయి. 'చూడు తల్లీ, నీకెదురుగానే ఉన్నాను, రెండడుగులేస్తే నా ఒళ్ళోనే ఉంటావు, చూడు' అని లోలోపల గొంతు చించుకుంటోంది.

పిల్ల నిలబడే ఉంది. తల అటు తిప్పింది. ఇటు తిప్పింది. ఒక అడుగు లోపలికి వేసి ఆగింది. పక్కన వదిన ఊపిరి బిగబట్టిన సంగతి మౌసు టీచరుకు తెలుస్తోంది.

గుమ్మంలోని వెలుగు మీద రెండు చిన్న చేతులు మెల్లగా పైకి లేచాయి, వేళ్ళు బారచాచుకుని, గాలిని తడుముకుంటూ.

"అమ్మా... లోపల ఎవరూ లేరా?"